నాన్నకి చూపించాల్సిన జుట్టు

మొన్న ఆదివారం మా మనవరాలు తల నిండా గొట్టాలు చుట్టుకుని ముందు గదిలో కూర్చుంది. గులాబీ రంగు ప్లాస్టిక్కువి, ముట్టుకుంటే గరగరలాడతాయి. ఎదురుగా ఫోను నిలబెట్టి ఉంది. అందులో ఎవరో పిల్ల, జుట్టు పట్టులా జారాలంటే ఇంట్లోనే ఏమేం చెయ్యాలో గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. మా దానికి ఆగడం ఎక్కడిది. తల ఇంకా ఆరనే లేదు, ఓ గొట్టం లాగబోయింది.

"అప్పుడే తియ్యకు. లోపల చెమ్మ ఉంటే పడ్డ పాటంతా పోతుంది," అన్నాను వంటింట్లోంచి.

"ఆప్‌కో కైసే పతా అమ్మమ్మా? వీడియోలో దీదీ కూడా అదే చెప్తోంది," అంది నా వైపు తిరిగి.

నాకెలా తెలుసని దాని ప్రశ్న. నా తల ఏనాడూ కొబ్బరి నూనె, బిగించిన జడ తప్ప ఇంకోటి ఎరగదు. ఈ విద్య మా అక్కది. అక్క పోయి ఏడాది కావస్తోంది. గొట్టాలు చుట్టిన ఆ తలని వెనక నుంచి చూసేసరికి అక్కే కూర్చున్నట్టనిపించింది. స్టవ్ ఆపేసి వచ్చి కుర్చీలో కూలబడ్డాను.

అప్పట్లో మాది క్యాంప్ 1 అనే కార్మికుల బస్తీలో ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు. నాన్న ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. సందులో సగం మంది మా వైపు వాళ్ళే, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికొచ్చి ఉండిపోయినవాళ్ళు. మిగతా సగంలో దేశమంతా ఉండేది. మధ్యాహ్నం కళ్ళు మూసుకుని నడిచినా ఎవరిల్లు ఎక్కడుందో వాసన చెప్పేసేది. ఇక్కడ ఎండుచేపల పులుసు, అక్కడ ఆవనూనె పోపు, చివరింట్లో ఆ నేల వాళ్ళే అయిన ఛత్తీస్‌గఢ్ వాళ్ళు పోసే చీలా అట్లు. ఆ అట్ల వాసన వస్తే నేను ఏదో వంక పెట్టుకుని వాళ్ళ గుమ్మం ముందు తచ్చాడేదాన్ని. చేతిలో ఒకటి పెట్టేదాకా కదిలేదాన్ని కాదు.

మాతో నాన్నమ్మ ఉండేది. ఎన్నేళ్ళున్నా హిందీ ముక్క అంటించుకోలేదు. కూరల బండి వాడితో తెలుగులో బేరమాడేది, వాడు హిందీలో విసుక్కునేవాడు, చివరికి తోటకూర మాత్రం ఆవిడ చెప్పిన ధరకే వచ్చేది. సాయంత్రమైతే మమ్మల్ని గుమ్మం మెట్టు మీద కూర్చోబెట్టి, మాడు మీద కొబ్బరి నూనె పోసి మర్దించి, కనుబొమలు పైకి లేచేంత బిగువుగా జడలల్లేది. తలకి నూనె లేకపోయినా, స్నానం చేశాక కాసేపు జుట్టు విప్పుకు తిరిగినా ఆవిడకి పడేది కాదు. మావాళ్ళలో ఇంట్లో ఎవరైనా పోతేనే ఆడవాళ్ళు నూనె మానేసి జుట్టు విరబోసుకుంటారు. "ఎవులు పోయేరని ఇరబోసుకున్నావే? ముడెయ్యి ముందు," అని రోజుకోసారైనా అరిచేది. రోజూ వినే మాటే కాబట్టి మేం పట్టించుకునేవాళ్ళం కాదు.

అక్క నాకంటే చాలా పెద్దది. ఆ ఏడు మెట్రిక్ పరీక్ష రాసి ఇంట్లో ఖాళీగా ఉంది. తన జుట్టు ఒత్తుగా, నల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉండేది. దువ్వెన పెడితే పళ్ళు ఊడాల్సిందే. నాన్న జుట్టూ అంతే. "నా పోలిక" అని నాన్న మురిసిపోతే, "ఆ పోలికేదో ముక్కుకి ఇచ్చి జుట్టుని ఒగ్గెయ్యకపోయేవా నాన్నా" అని అక్క విసుక్కునేది.

తన కళ్ళన్నీ పక్కింటి బెంగాలీ దీదీ జుట్టు మీద ఉండేవి. దీదీ పెళ్ళికి ముందు కలకత్తాలో ఎవరి పార్లర్‌లోనో పనిచేసిందట. ఆదివారం పొద్దున్న తలంతా గొట్టాలు చుట్టుకుని, అలాగే గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకునేది. మధ్యాహ్నానికి అవి తీసేస్తే జుట్టు భుజాల మీంచి నున్నగా జారేది. నాన్నమ్మ గోడ మీంచి తొంగి చూసి, "ఒలమ్మ, దీనికేటొచ్చింది, తలకి గొట్టాలు తగిలించుకుంది" అని మొహం తిప్పుకునేది. అక్క మాత్రం గోడ దిగేది కాదు. దీదీ దగ్గరున్నవి కొన్నే, అవీ పగిలిపోయి దారంతో కట్టినవి. అడగడానికి అక్కకి మొహమాటం.

ఈ సంగతి నాన్న చెవిన ఎలా పడిందో తెలియదు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి తిన్నగా రాకుండా చిన్న చిన్న కార్ఖానాలుండే హథ్‌ఖోజ్ వెళ్ళి, అక్కడ చిన్న లేత్ షెడ్డు నడుపుకునే స్నేహితుడి దగ్గర సన్నని అల్యూమినియం పైపు ముక్కలు కోయించుకొచ్చాడు. ఆ తర్వాత రోజూ టీ తాగగానే పెరట్లో కూర్చుని, చేతి డ్రిల్లుతో వాటికి చిల్లులు వేసేవాడు. అంచులు ఆకురాయితో రాసి, అమ్మ పాత చీర ముక్క మీద రుద్ది చూసేవాడు. ఒక్క నూలుపోగు పట్టుకున్నా మళ్ళీ ఆకురాయి. నేను తయారైన గొట్టాలు వేళ్ళకి తొడుక్కుని, నేల మీద వరసగా పేర్చి రైలు నడిపేదాన్ని.

"ఇన్ని చిల్లులెందుకు నాన్నా?" అన్నాను.

"గాలాడాల. గాలాడకపోతే లోపల తడి ఉండిపోద్ది. తడుంటే జుట్టు పాడైపోద్ది, మీ అక్క ఏడుస్తాది. అది ఏడిస్తే నాను సూడలేను," అన్నాడు తల ఎత్తకుండానే.

మొదటిసారి చేసుకున్నది తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. జుట్టు చుట్టే ముందు ఏదో మందు రాయాలని దీదీ చెప్పింది. అది ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు. "గంజి ఎట్టుకోవే, మీ నాన్న పేంట్లకి ఎడతాను కదా, అలాగే నిలబడతాది," అంది అమ్మ. నూనె రాయకుండా తలంటుకోవడానికి నాన్నమ్మ ఒప్పుకోలేదు. అంటుకున్నాక మళ్ళీ చారెడు నూనె తనే మాడుకి అద్దింది. ఆ నూనె మీద గంజి, గంజి మీద గొట్టాలు. సాయంత్రానికి జుట్టు అట్టలు కట్టింది. చీమలు బారులు తీరి మెడ మీదకి ఎక్కాయి. పుల్లటి వాసన. నేను అట్లకాడ పట్టుకొచ్చి "దీంతో తియ్యనా" అంటే అక్క నన్ను సందంతా తరిమింది. నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పోన్లే, మళ్ళీ సేసుకో. బాగా ఒచ్చిననాడు ముందు నాకు సూపించాల. సైకిలు మీద నిన్ను సివిక్ సెంటర్ బజారంతా తిప్పి తెస్తాను," అన్నాడు.

దీదీ తల కొట్టుకుని, అక్కని కూర్చోబెట్టి మొదటి నుంచీ నేర్పింది. తలకి నూనె చుక్క మిగలకూడదు, అంటుకున్నాక వేళ్ళతో పట్టుకుంటే కిచకిచమనాలి. గంజి వద్దు, అల్సీ కావాలి. అల్సీ అంటే మన అవిసె గింజలు. నీళ్ళలో మరిగిస్తే గుడ్డు తెల్లసొనలా జిగురొస్తుంది, వేడి మీదే గుడ్డలో పిండుకోవాలి. మరీ కారేంత తడి మీద చుట్టకూడదు. పాయ గొట్టం కన్నా వెడల్పు ఉండకూడదు. కుదుళ్ళ నుంచి పైకి దువ్వి, బిగువుగా లాగి చుట్టాలి. కొనలు మడత పడితే అంతా వృథా, అందుకే కొనలకి పల్చటి కాగితం పెట్టాలి. పూర్తిగా ఆరి, గొట్టం చల్లబడ్డాకే విప్పాలి. విప్పగానే దువ్వకూడదు. పట్టుగుడ్డ చుట్టి కాసేపు వదిలెయ్యాలి. అక్క ఇవన్నీ పాఠంలా వల్లించుకునేది. నేను అవిసె జిగురు వేలితో నాకి చూశాను. రుచీ పచీ లేదు.

మళ్ళీ చేసుకునేలోపే నాన్నకి ఒంట్లో బాగాలేకుండా పోయింది. కామెర్లన్నారు. ఆకు పసరు పోయించారు, పథ్యం పెట్టారు. ఇంట్లో పోపు వాసనే లేకుండా పోయింది. నాన్న కళ్ళు పసుపు ముద్దల్లా అయ్యాయి. కడుపులో నీరు చేరాక ఆసుపత్రిలో ఉంచేశారు. రాత్రి అమ్మ, పగలు నాన్నమ్మ ఆయన దగ్గర ఉండేవాళ్ళు. వంట అక్క చేసేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన గ్లూకోజు పొడి నేను దొంగతనంగా తినేసేదాన్ని. అక్క చూసీ ఏమీ అనేది కాదు.

నాన్న మంచం కింది వార్డులో, కిటికీ పక్కన. ఒక సాయంత్రం మేమిద్దరం వెళ్ళేసరికి నాన్న ఓపిక తెచ్చుకుని నవ్వాడు. చేతులు పుల్లల్లా అయిపోయాయి.

"ఆ గొట్టాలేటి సేసేవే?" అని అడిగాడు అక్కని.

"ఉన్నాయి నాన్నా. నువ్వు ఇంటికొచ్చేక సేసుకుంటాను."

"అప్పుడిదాకా ఎందుకు. ఇక్కడ పడుకుంటే ఆ సెట్టు కొమ్మలు తప్ప ఏటీ అగపడదు. రేపు సేసుకుని రా. నాను సేసినవి పనికొచ్చేయో నేదో సూడాల కదా."

అక్క తల ఊపింది. ఇంటికి రాగానే అవిసె గింజలు నానబోసింది.

మర్నాడు మే నెల ఎండ పేలిపోతోంది. నాన్నమ్మ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళిపోయింది కాబట్టి నూనె గొడవ లేదు. అక్క రెండుసార్లు తలంటుకుంది. కొనలకి పెట్టే పల్చటి కాగితం ఎక్కడిదంటే, నాన్నకి తెచ్చిన యాపిల్ పళ్ళకి చుట్టి వచ్చేది. అక్క వాటిని ముడతలు పోయేలా సాపు చేసి, దిండు కింద ఎప్పటినుంచో దాచిపెట్టుకుంటోందని అప్పుడే తెలిసింది. నేను ఒక్కో కాగితం అందించాను, తను ఒక్కో పాయ చుట్టింది. వెనక వైపు దీదీ వచ్చి చుట్టింది. నాన్నే చేసిన రేకు కూలరు ముందు కూర్చుని ఆరబెట్టుకుంది. తడిసిన వట్టివేళ్ళ వాసన, అవిసె జిగురు వాసన కలిసి ఇల్లంతా పరుచుకున్నాయి. ఆరిందా అని నేను అడిగినప్పుడల్లా, "ఇంకా నేదు. ఇయ్యాల తొందర పడకూడదు," అనేది.

గొట్టాలు విప్పాక దీదీ ఒక పాయ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. అక్క జుట్టేనా అనిపించింది. ఉంగరాలు ఎటు పోయాయో, నడుం దాకా నల్లగా, నున్నగా పడింది. ఎండ తగిలితే మెరిసింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, తన పట్టు రవికె గుడ్డ తీసిచ్చింది. "తలకి సుట్టుకెల్లు, దుమ్ము పడతాది. మీ నాన్న మురిసిపోతాడు," అంది.

వార్డు గుమ్మంలో అక్క ఆ పట్టుగుడ్డ విప్పేసింది. జుట్టంతా భుజాల మీదకి జారింది. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న నాన్నమ్మ తలెత్తి చూసింది. నూనె లేని తలతో, జుట్టు విరబోసుకుని, చావుబతుకుల్లో ఉన్న కొడుకు మంచం వైపు నడిచొస్తున్న ఆడపిల్ల. ఆవిడకి కనిపించింది అదే. అది తన మనవరాలని కూడా ఆ క్షణాన అనుకుని ఉండదు. ఒక్క ఉదుటున లేచి వచ్చి అక్కని రెండు చేతులా బయటికి నెట్టింది.

"నీకు బుద్దుందేటే? కన్నతండ్రి ఇలాగుంటే అలాగ ఇరబోసుకొస్తావా? ఆడు బతికుండగానే ఏడిసీడానికొచ్చేవా?" గొంతు పైకి రానివ్వలేదు. నాన్న లేస్తాడని భయం కాబోలు.

"నాన్నే సూపించమన్నాడు నాన్నమ్మా," అంది అక్క.

"ఎల్లు. ముడేసుకుని ఎల్లు. ఇటేపు రాకు."

మేం బయటికి వచ్చాం. గేటు పక్కన చెట్టు కింద సిమెంటు దిమ్మ ఉంటే దాని మీద కూర్చున్నాం. అక్క పట్టుగుడ్డ మళ్ళీ తలకి చుట్టుకుంది. నాన్న లేస్తే ఎలాగూ అడుగుతాడు, అప్పుడు నాన్నమ్మే పిలుస్తుంది అనుకుంటున్నట్టుంది. ఎవరు బయటికి వచ్చినా లేచి నిలబడేది. వార్డు కిటికీ అక్కడినుంచి కనబడుతోంది. "కిటికీ దగ్గరికెళ్ళి సూపిద్దామా?" అన్నాను నేను.

"వద్దే. నాన్నమ్మ అన్నది నిజమైతేనో?" అంది అక్క. అంత చదువుకున్న అక్క అలా అంటుందని నేను అనుకోలేదు. నాకూ భయమేసింది.

చూసేవాళ్ళ టైము అయిపోయినట్టు గంట కొట్టారు. "చలో బేటీ, ఘర్ జావో, కల్ ఆనా," అని గేటు దగ్గర కాపలా భయ్యా మమ్మల్ని రేపు రమ్మన్నాడు. అక్క చాలాసేపు వార్డు వైపు చూసి, జుట్టు వదులుగా ముడేసుకుని నడిచింది. ముడి బిగిస్తే సొట్టలు పడతాయని. రేపు నాన్నమ్మ లేని వేళ చూసి రావొచ్చని.

పొద్దున్న ఇంకా పాలు కూడా పొంగలేదు. ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు. నాన్న పోయాడు.

ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. సందులో ఉన్న మా వైపు ఆడవాళ్ళందరూ వచ్చారు. వాళ్ళలో ఒక పెద్దావిడ ఆనవాయితీ ప్రకారం ఇంటి ఆడవాళ్ళ ముళ్ళు విప్పుతూ వచ్చింది. అమ్మది విప్పింది. నాన్నమ్మది విప్పింది. అక్క తల మీద చెయ్యి వేసి పిన్ను లాగింది. జుట్టంతా ఒక్కసారి జారి, నున్నగా, చిక్కన్నది లేకుండా నడుం దాకా పరుచుకుంది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపాపి అటే చూశారు. శవం ముందు ఆ మాట అనకూడదు గానీ, అంత అందమైన జుట్టు నేను మళ్ళీ చూడలేదు. ఊళ్ళో వాళ్ళందరూ చూశారు. ఎవరి కోసం చేసుకుందో ఆయన తప్ప అందరూ చూశారు. అక్క నాన్న తల దగ్గర కూర్చుని వంగి ఏడుస్తుంటే ఆ జుట్టు ఆయన మొహం మీద పడింది. నాన్నమ్మ చూస్తూనే ఉంది. ముందు రోజు ఏది కూడదని నెట్టేసిందో, ఆ రోజు అదే పద్ధతి.

నాన్నని తీసుకెళ్ళాక ఆడవాళ్ళకి కుళాయి దగ్గర తల మీంచి నీళ్ళు పోశారు. బిందెడు నీళ్ళు పడగానే అక్క జుట్టు ఎప్పటిలా ఉంగరాలు తిరిగిపోయింది.

ఆ గొట్టాలు తర్వాత ఏమయ్యాయో నాకు తెలియదు. అక్క మళ్ళీ ఏనాడూ జుట్టు విరబోసుకోలేదు. పెళ్ళిలోనూ, పిల్లలు పుట్టాకా, నూనె రాసి బిగించిన ముడే. తలంటుకున్నా తడి ఆరకముందే చుట్టేసుకునేది. దాంతో తలనొప్పి వచ్చేది. "కాసేపు ఆరబెట్టుకో అక్కా" అంటే, "అలవాటు లేదే" అనేది. నాన్న తన జుట్టు వల్లే పోయాడని లోపల నమ్మిందో లేదో నేను అడగలేకపోయాను. నమ్మిందనే అనుకుంటాను. అందుకే నాన్నమ్మ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆవిడా కొడుకుని పోగొట్టుకున్న తల్లేనని తెలుసు. తెలిసినా చల్లారలేదు.

చిత్రమేమిటంటే చివరి రోజుల్లో నాన్నమ్మని చూసుకున్నది అక్కే. పక్కనే ఉన్న దుర్గ్‌లో వాళ్ళింట్లోనే ఉంచుకుంది. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి నాన్నమ్మని నేల మీద కూర్చోబెట్టుకుని, ఆవిడ పిడికెడు తెల్ల జుట్టుకి నూనె రాసి దువ్వుతోంది. ఆవిడకి అప్పటికే చూపు ఆనడం లేదు. ఏం గుర్తొచ్చిందో, తనంతట తనే మొదలుపెట్టింది.

"ఆ రోజు మీ నాన్న లేచేడే. నువ్వొచ్చి ఎల్లేక. పెద్దది రానేదా అనడిగేడు."

అక్క చేతిలో దువ్వెన ఆగింది.

"ఒచ్చింది నాయనా, నువ్వు పడుకున్నావని ఎల్లిపోయింది అన్నాను. జుట్టెలాగుంది అన్నాడు. బాగుంది నాయనా, నల్లగా, నున్నగా, నడుం దాకా జారతంది, మాలచ్చిమిలాగుంది అన్నాను. నవ్వేడు. సరే, రేపు సూత్తాన్లే అన్నాడు."

అన్నేళ్ళూ ఆవిడ ఆ మాట కడుపులో పెట్టుకుని ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. అక్క ఏడవలేదు. నాన్నమ్మ తల మీద చెయ్యి అలాగే ఉంచి నెమ్మదిగా అంది.

"నాను ఎల్లిపోలేదు నాన్నమ్మా. గేటు దగ్గిరే ఉన్నాను. గంట కొట్టీదాకా ఉన్నాను. పిలిస్తే ఒచ్చీదాన్ని."

"ఎల్లిపోయేవనుకున్నాను తల్లీ," అంది నాన్నమ్మ. మళ్ళీ తనే, "పిలవడానికి బయమేసింది," అంది.

అక్క మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది. చిన్న ముడి వేసి, పడిపోకుండా పిన్ను పెట్టి, ఆవిడని లేపి మంచం మీద పడుకోబెట్టింది.

అక్క పోయాక ఒకసారి ఎవరినో చూడ్డానికి ఆ ఆసుపత్రికే వెళ్ళాల్సి వచ్చింది. వస్తూ వస్తూ గేటు పక్కన ఆగాను. చిన్నప్పుడు ఆ వార్డు మాకు చాలా దూరంగా ఉన్నట్టుండేది. ఇప్పుడు నిలబడి చూస్తే ఎంతో లేదు. కిటికీలోంచి గట్టిగా అరవనక్కర్లేదు, మామూలుగా పేరు పెట్టి పిలిచినా గేటు దాకా వినబడుతుంది.